బ్రేకప్ నుంచి తేరుకునేవాళ్ల కోసం తెలుగులో యాప్ చేయాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

లవ్ ఫెయిల్యూర్ అయినవాళ్లకి తోడుగా ఉండే యాప్ ఒకటి తెలుగులో చేద్దామనుకునేవాళ్లు ఈమధ్య చాలామంది కనిపిస్తున్నారు. ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా మొదలుపెట్టినవాళ్లు, చిన్న స్టార్టప్‌ల వాళ్లు, కౌన్సెలింగ్ చేస్తూ యాప్ గురించి ఆలోచిస్తున్నవాళ్లు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట చేర్చాను. వరసగా చదవాల్సిన పని లేదు, మీ సందేహం ఏ దశలో ఉంటే అక్కడికి వెళ్లిపోండి. సున్నితమైన యాప్ అనగానే లేత రంగులు, పూలు, తియ్యటి మాటలు గుర్తొస్తాయి. నా లెక్కలో యాప్ సున్నితంగా ఉండటమంటే తక్కువ అడగడం, తక్కువ దాచుకోవడం, తక్కువ గుర్తుచేయడం.

## మొదలుపెట్టే ముందు

లవ్ ఫెయిల్యూర్‌కి కూడా యాప్ కావాలా? ఫ్రెండ్స్ ఉన్నారు కదా!

మంచి ఫ్రెండ్ ఉంటే యాప్ అక్కర్లేదు. ఆ మాట యాప్‌లోనే రాయండి. కానీ రాత్రి రెండింటికి ఫ్రెండ్ నిద్రపోతుంటాడు. పదిసార్లు విన్నాక ఎంత మంచి ఫ్రెండ్ అయినా "ఇంకా అదేనా, వదిలెయ్ రా" అంటాడు. హాస్టల్లో ఉన్న ఫ్రెండ్ ఇద్దరికీ ఫ్రెండే అయ్యుంటాడు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. మన ఇళ్లలో చాలా ప్రేమలు ఇంట్లో తెలియకుండా నడుస్తాయి. ప్రేమ ఉందనే తెలియని ఇంట్లో అది పోయిందని ఎలా చెప్తారు? అందరితో కూర్చుని ఏమీ జరగనట్టు అన్నం తినాలి. యాప్‌కి చోటు ఉందంటే అక్కడే. ఇదేదో పనిలేని వ్యవహారం అనుకునేవాళ్లకి ఒక మాట: న్యూజిలాండ్ ప్రభుత్వం 2023లో యువతకి బ్రేకప్‌ల నుంచి తేరుకోవడంలో సాయపడటానికే 'లవ్ బెటర్' పేరుతో ఒక ప్రచార కార్యక్రమం నడిపింది.

ఈ బాధ నిజంగా అంత పెద్దదా? సైన్స్ ఏమంటోంది?

2010లో హెలెన్ ఫిషర్ బృందం, ప్రేమలో తిరస్కరణకి గురైన 15 మందికి వాళ్ల మాజీల ఫొటో చూపిస్తూ మెదడు స్కాన్ తీసింది. ఏదైనా గట్టిగా కావాలనిపించినప్పుడు, వ్యసనంలో తహతహ పుట్టినప్పుడు పనిచేసే భాగాలు అప్పుడు చురుగ్గా కనిపించాయి. 2011లో ఈథన్ క్రాస్ బృందం 40 మంది మీద చేసిన అధ్యయనంలో, ఒంటి నొప్పికి స్పందించే కొన్ని ప్రాంతాలు ఈ బాధకీ స్పందించాయి. ఇవి చిన్న అధ్యయనాలు, వీటి మీద మేడలు కట్టొద్దు. డిజైన్‌కి పనికొచ్చే విషయం ఒక్కటే: ఆ తహతహ కెరటంలా లేస్తుంది, కాసేపటికి తగ్గుతుంది. ఆ కాసేపు దాటించగలిగితే యాప్ పని అయినట్టే.

ఇంకో సంగతి. 2008లో పాల్ ఈస్ట్‌విక్ బృందం విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, బ్రేకప్ అయితే ఎంత బాధ ఉంటుందని వాళ్లు ముందే ఊహించారో, నిజంగా వచ్చిన బాధ అంతకంటే తక్కువే ఉంది. ఇది మీరు తెలుసుకోవడానికి. మొదటి వారంలో ఉన్నవాళ్లకి ఈ మాట చెప్తే కొట్టినట్టే ఉంటుంది.

ఇలాంటి యాప్‌లు ఇప్పటికే ఉన్నాయి కదా, మనం కొత్తగా చేసేదేముంది?

ఉన్నాయి. మెండ్, బ్రేకప్ బాస్ లాంటివి ఇంగ్లీషులో బాగానే చేశారు. కానీ వాటిలో బ్రేకప్ అంటే ఇద్దరి మధ్య వ్యవహారం. మన దగ్గర చాలాసార్లు ఇద్దరికీ ఇష్టమే, ఇంట్లో ఒప్పుకోలేదు. కులం కుదరలేదు, జాతకం కుదరలేదు, అక్క పెళ్లి ఇంకా కాలేదు. అలాంటప్పుడు "నిన్ను వద్దనుకున్న మనిషిని నువ్వూ వద్దనుకో" అని యాప్ చెప్తే ఎవరికి చెప్పినట్టు? ఎవరి మీదా కోపం తెచ్చుకోలేని బాధ అది. తల్లిదండ్రుల మీద కోపం వస్తే మళ్లీ ఆ కోపం వచ్చినందుకు తప్పు చేసినట్టు అనిపిస్తుంది.

కొన్నిసార్లు విడిపోయింది సొంత బావతోనో మరదలితోనో అయ్యుంటుంది. ఇక ప్రతి గృహప్రవేశంలో, ప్రతి సీమంతంలో ఎదురుపడుతూనే ఉండాలి. "కొన్నాళ్లు కనపడకుండా ఉండు" అనే సలహా వాళ్లకి ఏం పనికొస్తుంది? విడిపోయి మూడు నెలలు కాకముందే ఇంట్లో పెళ్లిచూపులు మొదలవుతాయి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోనే మాజీ శుభలేఖ వస్తుంది. మీ యాప్‌లో ఈ సందర్భాలు ఒక్కొక్కటీ పేరు పెట్టి ఉండాలి. 'ఇంట్లో ఒప్పుకోలేదు', 'తనకి పెళ్లి కుదిరింది', 'నాకు సంబంధాలు చూస్తున్నారు', 'ఒకే ఆఫీసులో ఉన్నాం' అని. కొత్తగా చేయాల్సింది ఇదే. మిగతా ఫీచర్లు ఎవరైనా చేయగలరు.

సైకాలజిస్ట్ లేకుండా మేమే చేసేయొచ్చా?

కోడ్ రాసుకోవచ్చు, విడుదల మాత్రం చేయొద్దు. కనీసం ఒక క్లినికల్ సైకాలజిస్ట్ ప్రతి వాక్యమూ చదవాలి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉంటారు, ఆ నమోదు ఉందో లేదో చూసుకోండి. స్టోర్ పేజీలో 'డిప్రెషన్ తగ్గిస్తుంది' అని రాయడం మానండి. అది వైద్యం చేస్తామని చెప్పడమే.

ఇంటర్ పిల్లలకి కూడా ఇవ్వాలనుంది. వయసు పరిమితి పెట్టాలా?

18 నిండినవాళ్లకే పెట్టండి. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లు పిల్లల కిందే లెక్క. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, అది నిజమైన అనుమతేనని మీరు సరిచూసుకోవాలి. లవ్ ఫెయిల్యూర్ యాప్‌కి నాన్న దగ్గర ఓటీపీ అడిగే ఇంటర్ పిల్లాణ్ణి ఊహించుకోండి. అయితే ఎక్కువ అవసరం ఆ వయసు వాళ్లదే అనే మాట నిజం. వాళ్ల కోసం ఏ వివరమూ తీసుకోని ఒక పేజీ పెట్టండి. కొన్ని ధైర్యం చెప్పే మాటలు, పిల్లల హెల్ప్‌లైన్ 1098, మానసిక సాయానికి టెలీ మానస్ 14416 అందులో ఉంటే చాలు.

## స్క్రీన్లు గీసేటప్పుడు

మొదటి స్క్రీన్ మీద ఏం అడగాలి?

దాదాపు ఏమీ అడగొద్దు. పేరు, ఈమెయిల్, 'ఎవరు వదిలేశారు', 'ఎన్నేళ్ల ప్రేమ' ఇవేవీ అక్కర్లేదు. యాప్ తెరిచిన మనిషి చీకట్లో, కళ్లు తుడుచుకుంటూ తెరిచి ఉంటారు. ఆరు స్క్రీన్ల స్వాగతం దాటే ఓపిక ఉండదు. "ఇప్పుడు ఎలా ఉంది?" అని ఒక్క ప్రశ్న, కింద మూడు బటన్లు: 'మెసేజ్ పెట్టాలనిపిస్తోంది', 'నిద్ర పట్టట్లేదు', 'ఊరికే రాసుకోవాలి'. మూలన ఎప్పుడూ కనిపించే ఫోన్ గుర్తు, అది నొక్కితే హెల్ప్‌లైన్. లాగిన్ లేకుండానే ఇవన్నీ పనిచేయాలి.

అర్ధరాత్రి మెసేజ్ పెట్టకుండా ఆపే ఫీచర్ ఎలా చేయాలి?

యాప్ మొత్తంలో ఒక్క ఫీచరే చేసే టైమ్ ఉంటే ఇదే చేయండి. పంపాలనుకున్న మెసేజ్‌ని ఇక్కడ రాయనివ్వండి, అచ్చం చాట్ పెట్టెలా. 'పంపు' బటన్ ఉండదు, 'పొద్దున్న దాకా దాచు' ఉంటుంది. రాసినది తెల్లారేదాకా మూసి ఉంటుంది. పొద్దున్న యాప్ దాన్ని ముఖం మీద తెరవకూడదు. "రాత్రి రాసింది చూస్తావా, చెరిపేయమంటావా?" అని అడగాలి. అక్షర దోషాలు దిద్దకండి, సలహాలు ఇవ్వకండి, ఎంతసేపు రాసినా రాయనివ్వండి.

కొందరు వాట్సాప్‌నే లాక్ చేసేద్దాం అంటారు. దానికి ఫోన్‌లో యాక్సెసిబిలిటీ అనుమతి లాంటివి కావాలి. అవి చాలా లోతైన అనుమతులు, మిగతా యాప్‌లలో ఏముందో కూడా చదవగలవు. బాధలో ఉన్న మనిషి ఫోన్ తాళాలు మీ చేతికి తీసుకోవద్దు.

ఎంత చేసినా కొందరు పంపేస్తారు. 'పంపేశాను' అని ఒక బటన్ పెట్టండి. నొక్కితే "సరే. జవాబు కోసం ఫోన్ చూస్తూ కూర్చోకు. కాసిని నీళ్లు తాగి, ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకో" అని రావాలి. ఎందుకు పంపావు అనే ప్రశ్న రాకూడదు. ఆ ప్రశ్న వాళ్లు అప్పటికే వేసుకుని ఉంటారు.

స్టేటస్, డీపీ చూడకుండా ఉండలేకపోతున్నారు. దీనికేం చేయొచ్చు?

2012లో టారా మార్షల్ 464 మందిని పరిశీలిస్తే, మాజీ ఫేస్‌బుక్ పేజీని ఎక్కువగా చూసేవాళ్లలో బాధ, కోరిక ఎక్కువగా కనిపించాయి. చూడటం వల్ల బాధ పెరిగిందా, బాధ ఉండటం వల్ల చూస్తున్నారా అన్నది దాన్నిబట్టి తేల్చలేం. అయినా ఎదురుగా కనిపించకుండా ఉంటే మంచిదే. ఫేస్‌బుక్ కూడా 2015లో, బ్లాక్ చేయకుండానే మాజీ పోస్టులు తక్కువగా కనిపించే ఏర్పాటు తెచ్చింది.

మన దగ్గర బ్లాక్ చేయడం ఊరంతా తెలిసే వార్త. "వాణ్ణి బ్లాక్ చేసిందంట" అని చుట్టాల దాకా పోతుంది. అందుకే బ్లాక్ కంటే మ్యూట్ నేర్పించండి: వాట్సాప్‌లో స్టేటస్ మ్యూట్, చాట్ ఆర్కైవ్, ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టులు, స్టోరీలు మ్యూట్. గూగుల్ ఫొటోస్‌లో ఒక మనిషి ముఖాన్ని జ్ఞాపకాల్లో రాకుండా దాచొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. నాలుగు స్క్రీన్‌షాట్లతో చూపిస్తే పెద్ద సాయం.

నో కాంటాక్ట్ రోజులు లెక్కపెట్టే స్ట్రీక్ పెట్టొచ్చా?

వద్దు. నలభై రోజులు దాటాక ఒక్క రాత్రి ఫోన్ చేస్తే లెక్క సున్నాకి పడిపోతుంది. ఆ సున్నా చూస్తే మళ్లీ మొదటి రోజులాగే ఉంటుంది. పైగా 'తనతో మాట్లాడని 41వ రోజు' అని రోజూ పొద్దున్నే చెప్పడమంటే తనని రోజూ గుర్తుచేయడమే. ఒకే క్లాసులో, ఒకే ఆఫీసులో ఉన్నవాళ్లకి, పిల్లలున్నవాళ్లకి మాట్లాడకుండా కుదరదు కూడా. లెక్క కావాలని పట్టుబడితే తగ్గని లెక్క పెట్టండి: 'దాటిన రాత్రులు'. ఒక రాత్రి తప్పినా పాతవి పోవు. నన్నడిగితే అదీ వద్దు.

డైరీ రాయిస్తే మనసు తేలికవుతుంది కదా?

కొందరికి అవుతుంది, కొందరికి ముదురుతుంది. మనసులో బాధని రోజుకి 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాయించే పద్ధతిని 1986లో జేమ్స్ పెన్నెబేకర్ ప్రచారంలోకి తెచ్చారు. యాప్‌లన్నీ దాన్నే అరువు తెచ్చుకున్నాయి. కానీ 2013లో డేవిడ్ స్బారా బృందం, కొత్తగా భర్త నుంచో భార్య నుంచో విడిపోయినవాళ్ల మీద దీన్ని పరీక్షించింది. 'ఎందుకిలా జరిగింది' అని అప్పటికే తవ్వుకుంటున్నవాళ్లకి బాధ గురించి రాయడం మేలు చేయలేదు, తేరుకోవడం ఆలస్యమైంది. ఆ రోజు ఏం చేశారో మామూలుగా రాసినవాళ్లే వాళ్లకంటే మెరుగ్గా ఉన్నారు.

కాబట్టి 'నీ బాధంతా ఇక్కడ కుమ్మరించు' అనే ఖాళీ పేజీని రోజూ తెరవకండి. "ఈరోజు ఏం తిన్నావు? ఎవరితో మాట్లాడావు? ఎక్కడిదాకా నడిచావు?" లాంటి చిన్న ప్రశ్నలు పెట్టండి. పదిహేను నిమిషాలు దాటితే "ఇక చాలు, మిగతాది రేపు" అని మెల్లగా మూయండి. 2015లో గ్రేస్ లార్సన్, స్బారా కలిసి చేసిన ఇంకో అధ్యయనం ఉంది. బ్రేకప్ గురించి తరచూ ప్రశ్నలకి జవాబులిస్తూ వచ్చినవాళ్లకి 'నేనెవర్ని' అనే విషయంలో స్పష్టత వచ్చింది, తేరుకోవడమూ బాగుంది. అంటే మాజీ గురించిన ప్రశ్నలు తగ్గించి, ఆ మనిషి గురించిన ప్రశ్నలు పెంచండి. "తనకి నచ్చదని నువ్వు మానేసిన పని ఏదైనా ఉందా?" అన్నది నాకు బాగా నచ్చిన ప్రశ్న.

మాజీలో ఉన్న లోపాలన్నీ లిస్టు రాయించమంటారు. పనిచేస్తుందా?

సగం. 2018లో సాండ్రా లాంగెస్‌లాగ్, మిషెల్ శాంచెజ్ 24 మందితో చూశారు. మాజీ గురించి చెడుగా ఆలోచిస్తే ప్రేమ కొంచెం తగ్గింది, మూడ్ మాత్రం పాడైంది. వేరే విషయాల మీదకి మనసు మళ్లిస్తే మూడ్ బాగైంది, ప్రేమ అలాగే ఉంది. అందుకని ఆ లిస్టు పగటి పూటకే ఉంచండి, పడుకునే ముందు మాత్రం వద్దు. రాత్రికి మనసు మళ్లించే పనులే మేలు.

మూడ్ ట్రాకర్, గ్రాఫులు?

ఒక్క నొక్కుతో అయిపోయే ట్రాకర్ పెట్టొచ్చు. గ్రాఫ్ అడిగితేనే చూపించండి. మొదటి వారాల్లో ఆ గీత ఎలాగూ కిందికే ఉంటుంది.

యూజర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే గ్రూప్ పెడదామా?

రాత్రంతా మెలకువగా ఉండి చూసే మనుషులు మీ దగ్గర లేకపోతే వద్దు. బాధలో ఉన్న అమ్మాయిల కోసం వెతికే మగవాళ్లు ఇలాంటి గ్రూపుల్లోకి ముందుగా వచ్చి చేరతారు.

రంగులు, బొమ్మలు, ఫాంట్ గురించి?

పగిలిన గుండె బొమ్మ తీసేయండి. ముదురు రంగు నేపథ్యం మొదటి నుంచే ఉండాలి, ఎక్కువ వాడేది రాత్రే. తెలుగు ఫాంట్‌కి వరసల మధ్య ఎడం ఇంగ్లీషు కంటే ఎక్కువ ఇవ్వండి, లేకపోతే కింది ఒత్తులు, పై గుడులు ఒకదానికొకటి తగులుతాయి. నోటో సాన్స్ తెలుగు ఉచితం, చదవడానికి సాఫీగా ఉంటుంది. బటన్ల మీద ఇంగ్లీషులో సరిపోయిన చోటు తెలుగుకి సరిపోదు. మొదట తెలుగు మాటలు రాసి, వాటికి తగ్గట్టు బటన్ గీయండి.

## మాటలు రాసేటప్పుడు

యాప్ 'నువ్వు' అనాలా, 'మీరు' అనాలా?

మీరు అంటే బ్యాంకు మెసేజ్‌లా ఉంటుంది. నువ్వు అంటే ఇరవై ఏళ్లవాళ్లకి దగ్గరగా ఉంటుంది, నలభై ఏళ్ల విడాకుల మనిషికి చనువు ఎక్కువైనట్టుంటుంది. మొదట్లో ఎవరినీ సంబోధించని వాక్యాలతో నెట్టుకురండి, సెట్టింగుల్లో ఎంచుకోనివ్వండి. ఒకసారి ఎంచుకున్నాక అన్ని స్క్రీన్లలో అదే ఉండాలి. ఒక చోట నువ్వు, ఇంకో చోట మీరు వస్తే యాప్‌ని ఇద్దరు రాసినట్టు వెంటనే తెలిసిపోతుంది.

మాజీ అబ్బాయా అమ్మాయా అని అడగాలి కదా, లేకపోతే వాక్యాలు ఎలా?

అడగొద్దు. తెలుగులో 'వచ్చాడు', 'వచ్చింది' అని క్రియలోనే తేడా ఉంది కాబట్టి ఇది నిజమైన ఇబ్బందే. కానీ నువ్వు, నేను అనేవాటికి ఆ తేడా లేదు. వాక్యాన్ని యూజర్ వైపు నుంచి రాస్తే సమస్య పోతుంది. 'తను ఫోన్ చేశాడా/చేసిందా' బదులు 'ఫోన్ వచ్చిందా', 'వదిలేసి వెళ్లాడు' బదులు 'విడిపోయాక'. మరీ తప్పకపోతే 'వాళ్లు'. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న 377 సెక్షన్ పరిధి నుంచి పెద్దల ఇష్టపూర్వక సంబంధాలని తప్పించినా, ఇంట్లో చెప్పుకోలేని స్వలింగ ప్రేమికులు ఎంతమందో. వాళ్లకి పోయిన ప్రేమ రెండింతల రహస్యం. మీ యాప్ ఆ ప్రశ్న అడగకపోవడం వాళ్లు తప్పకుండా గమనిస్తారు.

ఓదార్పు మాటలు ఎలా రాయాలి?

'కాలమే అన్నిటికీ మందు', 'ఇంతకంటే మంచివాళ్లు దొరుకుతారు', 'కెరీర్ మీద ఫోకస్ పెట్టు' ఇవి వాళ్లకి చుట్టూ ఉన్నవాళ్లు అప్పటికే చెప్పి ఉంటారు. యాప్‌లో కూడా అవే ఎందుకు? కొటేషన్లు, నీతివాక్యాలు మానేయండి. మన ఇళ్లలో ప్రేమగా పలకరించడం అంటే "తిన్నావా?" అని అడగడమే. దాన్ని వాడుకోండి. "పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా? లేకపోతే పెరుగన్నమైనా సరే." ఇంత మామూలు మాట యాప్‌లో వస్తే మనిషి ఒక్క క్షణం ఆగుతారు. రాసినవన్నీ బయటికి చదివి చూడండి. మీ అక్క మీతో అలా అనదనిపించిన వాక్యాన్ని కొట్టేయండి.

చాలామంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేస్తారు. ఏం చేయాలి?

చేయనివ్వండి, మార్చొద్దు. వెతుకులాట రెండు లిపుల్లోనూ పనిచేయాలి. మాట్లాడి రికార్డు చేసుకునే సౌకర్యం పెడితే ఇంకా మంచిది, ఏడుస్తూ టైప్ చేయడం కష్టం. ఆ రికార్డింగ్ ఫోన్ దాటి వెళ్లకూడదు.

## భద్రత, రహస్యం

'చచ్చిపోవాలనుంది' అని రాస్తే యాప్ ఏం చేయాలి?

టెలీ మానస్ 14416కి ఒక్క నొక్కుతో కాల్ కలిసే బటన్ వెంటనే రావాలి. ఈ సేవని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించింది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణాపాయం దగ్గర్లో ఉంటే 112. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి 988. ఫోన్ ఏ దేశంలో ఉందో చూసి నంబర్ మార్చండి.

మాటలు పట్టుకునే పద్ధతిని మాత్రం పూర్తిగా నమ్మకండి. మనం ఎండకి చచ్చిపోతున్నాం అంటాం, నవ్వలేక చచ్చాం అంటాం, చచ్చేంత ఇష్టం అంటాం. ఇంకోవైపు, నిజంగా ఆ ఆలోచనలో ఉన్న మనిషి ఆ మాట వాడకుండా "అందరికీ భారం అయిపోయాను", "ఇక ఏదీ వద్దు" అని రాయొచ్చు. అందుకే సాయం బటన్ అన్ని స్క్రీన్ల మీదా ఎప్పుడూ ఉండాలి. అనుమానం వచ్చినప్పుడు సూటిగా అడగండి: "చనిపోవాలనే ఆలోచన వస్తోందా?" అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, అడిగితే చెప్పుకునే దారి దొరుకుతుంది.

తల్లిదండ్రులకి ఆటోమేటిక్‌గా మెసేజ్ పంపే ఫీచర్ మాత్రం పెట్టకండి. కులాంతర ప్రేమ ఇంట్లో బయటపడటమే ప్రమాదమయ్యే కుటుంబాలు మన దగ్గర ఉన్నాయి. ఎవరికి కబురు పెట్టాలో ఆ మనిషే, బాగున్న రోజున, ముందుగా ఎంచుకుని ఉండాలి. ఇంకోటి, రాసినవి ఎవరూ చదవని యాప్ అయితే "ఇక్కడ రాసింది మా మనుషులెవరూ చూడరు, సాయం కావాలంటే కాల్ చేయాలి" అని ముందే చెప్పాలి. ఎవరో చూస్తున్నారు, వస్తారు అని ఎదురుచూసే పరిస్థితి రానివ్వకండి.

ఏఐ చాట్‌బాట్ పెడితే బాగుంటుంది కదా?

మొదటి వెర్షన్‌లో వద్దు. 1966 నాటి ఎలైజా అనే అతి మామూలు ప్రోగ్రాంతోనే మనుషులు మనసు విప్పి మాట్లాడేశారు. ఇప్పటి బాట్‌లతో ఇంకెంత దగ్గరైపోతారో చెప్పక్కర్లేదు. "తను ఇంకా నన్ను ప్రేమిస్తున్నట్టేనా?" అని అడిగితే బాట్ ఏదో ఒక జవాబు అల్లుతుంది. ఆ జవాబు పట్టుకుని మనిషి ఇంకో నెల ఎదురుచూస్తారు. ఒకవేళ పెట్టినా, అది ఎక్కడో మూతపడితే? ఎంతో పేరున్న వోబాట్ యాప్ 2025 జూన్ 30న ఆగిపోయింది. అప్పటికే ఒకరిని పోగొట్టుకున్నవాళ్లకి ఇంకొకరు మాయమైనట్టు అవుతుంది. పాత చాట్‌లు ఇచ్చి మాజీలా మాట్లాడే బాట్ చేయడం గురించి కూడా కొందరు అడుగుతున్నారు. దయచేసి చేయకండి.

మాజీ బెదిరిస్తున్నాడు, ఫొటోలు బయటపెడతానంటున్నాడు. అలాంటి యూజర్‌కి ఏం చూపించాలి?

వాళ్లకి ఓదార్పు స్క్రీన్లు చూపించకూడదు. ఆ దారి వేరుగా ఉండాలి, మొదటి స్క్రీన్ నుంచే కనిపించాలి. సైబర్ నేరాలకి 1930, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్, మహిళలకి 181, అత్యవసరమైతే 112. తెలంగాణలో షీ టీమ్స్ ఉన్నాయి. వ్యక్తిగత ఫొటోలు వ్యాపించకుండా ఆపడానికి 'స్టాప్ ఎన్‌సీఐఐ' అనే ఉచిత సేవ 2021 డిసెంబర్ నుంచి ఉంది. ఫొటోని ఎక్కడికీ పంపక్కర్లేదు, ఫోన్‌లోనే దానికి ఒక డిజిటల్ గుర్తు తయారై అది మాత్రమే వెళ్తుంది.

ఇక్కడ చాలామంది డిజైనర్లు గమనించని చిక్కు ఒకటుంది. 'పాత చాట్‌లన్నీ డిలీట్ చేసి తేలికపడు' అని మీ యాప్ సలహా ఇస్తుంటే, బెదిరింపులకి ఉన్న సాక్ష్యం మీరే చెరిపించినట్టు. ఆ సలహా ముందు "బెదిరింపులేమైనా ఉన్నాయా?" అని తప్పకుండా అడగండి. ఉంటే స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోమని చెప్పండి.

ఫోన్ ఇంట్లో అందరూ చూస్తారు. యాప్ ఉందని తెలియకుండా ఎలా?

యాప్ పేరులో ప్రేమ, బ్రేకప్, గుండె ఉండకూడదు. నోట్స్ యాప్ లాంటి మామూలు పేరు, మామూలు ఐకాన్ పెట్టండి. లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్ వస్తే అందులో విషయం కనిపించకూడదు. యాప్‌కి సొంత పిన్ ఉండాలి. ఆండ్రాయిడ్‌లో 'ఫ్లాగ్ సెక్యూర్' వాడితే రీసెంట్ యాప్‌ల జాబితాలో రాతలు కనిపించవు, స్క్రీన్‌షాట్లూ రావు. తమ్ముడు గేమ్ కోసం ఫోన్ లాక్కునే ఇంట్లో ఇవన్నీ అవసరమే.

డేటా ఎక్కడ దాచాలి?

ఫోన్‌లోనే. మీ సర్వర్‌లో లేనిది దొంగలు ఎత్తుకుపోలేరు, మీరూ అమ్ముకోలేరు. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ బెటర్‌హెల్ప్, యూజర్ల సున్నితమైన వివరాలని ప్రకటనల కోసం ఇతర కంపెనీలకి ఇచ్చిందన్న ఆరోపణ మీద 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 78 లక్షల డాలర్లకి రాజీ చేసుకోవాల్సి వచ్చింది. మన డేటా చట్టంలో భద్రత విషయంలో తప్పితే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. ప్రకటనల కోసం, విశ్లేషణ కోసం వేరే కంపెనీల కోడ్ ముక్కలు యాప్‌లో కలిపితే, మీకు తెలియకుండానే వివరాలు బయటికి పోతుంటాయి. అవేవీ పెట్టకండి. అకౌంట్ పెట్టుకునే వీలు ఇస్తే, దాన్ని యాప్‌లోనే తీసేసుకునే దారి ఉండాలని గూగుల్ ప్లే, ఆపిల్ రెండూ అడుగుతాయి.

## బయటికి వదిలాక

నోటిఫికేషన్లు ఎప్పుడెప్పుడు పంపాలి?

మొదట్లో అన్నీ ఆపి ఉంచండి. కావాలనుకున్నవాళ్లే పెట్టుకుంటారు. 'మేం నిన్ను మిస్సవుతున్నాం' లాంటిది ఈ యాప్‌లో ఎంత క్రూరంగా ఉంటుందో వేరే చెప్పాలా? కష్టమైన రోజులు యూజరే గుర్తుపెట్టుకునే వీలు ఇవ్వండి: పుట్టినరోజు, మాజీ పెళ్లి రోజు, ఫిబ్రవరి 14. ముందు రోజు సాయంత్రం "రేపు ఎవరితో ఉంటావు?" అని ఒక్క మాట చాలు. మాఘం, వైశాఖం లాంటి ముహూర్తాల నెలల్లో వాడకం పెరిగితే ఆశ్చర్యపోకండి.

డబ్బులు ఎలా వస్తాయి?

ప్రకటనలతో వద్దు. బ్రేకప్ యాప్‌లోకి మొదట వచ్చే ప్రకటన మ్యాట్రిమోనీదే అయ్యుంటుంది. నెలనెలా చందా పెడితే, యూజర్ ఎంత ఆలస్యంగా తేరుకుంటే మీకు అంత లాభం. అలాంటి లెక్కలో పెట్టిన యాప్ సున్నితంగా ఉండలేదు. ఒక్కసారి చిన్న మొత్తం తీసుకోండి, లేదా కాలేజీలు, స్వచ్ఛంద సంస్థలు ఖర్చు భరించేలా చూడండి. రాత్రి వాడే స్క్రీన్లు, హెల్ప్‌లైన్ ఎప్పుడూ ఉచితంగానే ఉండాలి.

యాప్ పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

రోజూ ఎంతమంది తెరుస్తున్నారో చూసి సంబరపడకండి. ఒక మనిషి తెరవడం నెమ్మదిగా తగ్గుతుంటే అది మంచి గుర్తు. అయితే ఉన్నట్టుండి ఆగిపోతే దానికి మంచి అర్థమే ఉండాలని లేదు. డేటా ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి మీకు అంకెలు కనపడవు. ఒప్పుకున్న కొద్దిమందితో కూర్చుని మాట్లాడండి, అంకెల కంటే ఎక్కువ తెలుస్తుంది. పీహెచ్‌క్యూ-9 లాంటి డిప్రెషన్ ప్రశ్నావళి పెడదామంటారు కొందరు. అందులో తొమ్మిదో ప్రశ్న చావు, స్వీయహాని ఆలోచనల గురించి. దానికి 'అవును' వస్తే వెంటనే స్పందించే ఏర్పాటు లేనివాళ్లు ఆ ప్రశ్న అడగకూడదు.

ఇద్దరూ మళ్లీ కలిసిపోతే యాప్ ఏమనాలి?

ఏమీ అనక్కర్లేదు. రాసుకున్నవి, ముఖ్యంగా లోపాల లిస్టు, పిన్ వెనక భద్రంగా ఉన్నాయో లేదో మాత్రం చూసుకోమనండి.

కొన్నాళ్లకి మేమే యాప్ ఆపేయాల్సి వస్తే?

స్టూడెంట్ ప్రాజెక్టుల్లో ఇది దాదాపు ఖాయం, అందుకే మొదటి రోజే ఆలోచించండి. కనీసం మూడు నెలల ముందు చెప్పాలి. రాసుకున్నవి మామూలు టెక్స్ట్ ఫైల్‌గా ఫోన్‌లోకి దించుకునే బటన్ మొదటి వెర్షన్ నుంచే ఉండాలి. ఇంటర్నెట్ లేకపోయినా, మీ సర్వర్ లేకపోయినా రాత్రి స్క్రీన్లు పనిచేసేలా కట్టండి. హెల్ప్‌లైన్ నంబర్లు ఎప్పుడైనా మారొచ్చు. చూసుకునేవాళ్లు లేని యాప్‌లో పాత నంబర్ అలాగే ఉండిపోవడం అన్నిటికంటే ప్రమాదం. కాబట్టి నంబర్లు సరిచూసే పని ఎవరిదో పేరు రాసుకోండి. ఆ పని చేసేవాళ్లు లేని రోజున యాప్‌ని స్టోర్ నుంచి తీసేయండి.